రెండు కిలోమీటర్ల బ్యాటరీ

సైదాబాద్‌లో గట్టి వాన పడి కరెంటు పోయిందంటే మా బిల్డింగ్‌లో కొందరు ఇన్వర్టర్ ఫ్యాను కింద ముడుచుకుంటారు, కొందరు చినుకులు తగ్గగానే టెర్రస్ ఎక్కుతారు. నేను రెండో రకం. ఆ రాత్రి నాకంటే ముందే పైన ఇద్దరున్నారు. ఒకరు కింది పోర్షన్ పెద్దాయన. సినిమా హాల్లో ముప్పై ఏళ్లు ఆపరేటర్. కార్బన్ కడ్డీల రోజుల్లో చేరి, జెనాన్ దీపాలు పోతున్న రోజుల్లో ఇంటికొచ్చినవాడు. రెండోవాడు ఆయన మేనల్లుడు. జీతం పడిన వారానికల్లా ఏదో ఒక పార్సిల్ తెప్పించుకోకపోతే తోచదు అతనికి.

ఈసారి పార్సిల్లో దిగింది జానెడు నల్లటి గొట్టం. ముందువైపు టీ గ్లాసు మూతంత వెడల్పు అద్దం. మీట నొక్కగానే తడిగాలిలో సున్నం పూసిన తాడు లాగినట్టు తెల్లటి గీత ఒకటి పోయి, మలక్‌పేట టీవీ టవర్ నడుముకు అంటుకుంది. ఇక్కణ్ణుంచి చూస్తే పళ్లెమంత వెలుగు. మామాఅల్లుళ్ల వాదన అక్కడ మొదలైంది. గుర్తున్నంతవరకు ఇది వాళ్ల మాటల్లోనే. నడుమ దూర్చినవి మాత్రం నావి.

మామ: ఎంత పెట్టి కొన్నవురా?

అల్లుడు: ఇరవై రెండు వేలు.

మామ: ఇరవై రెండు వేలా? గుజరాతీ గల్లీకి పోతే మూడొందలకు బ్యాటరీ లైటు ఇస్తడు. డబ్బా మీద ఐదు కిలోమీటర్లని రాసుంటది. నీదెంత?

అల్లుడు: రెండు కిలోమీటర్ల నాలుగొందల మీటర్లు.

మామ: అగో. మూడొందలది ఐదు, ఇరవై రెండు వేలది రెండున్నర కూడ లేదు. నీకు అమ్మినోడు బాగుపడ్డడు.

అల్లుడు: ఆ డబ్బా మీద రాసినోడు ఎన్నడన్న కొలిచిండా మామా? దీనికి లెక్కుంది. అమెరికాల 2009ల బ్యాటరీ లైట్లకు ఒక కొలత పెట్టిన్రు, ఎఫ్‌ఎల్‌1 అంటరు. వెలుగు పోంగ పోంగ 0.25 లక్స్‌కు దిగేదాంక ఎంత దూరమైతే అదే దాని దూరం.

మామ: గా 0.25 అంటే ఎంత?

అల్లుడు: నిండు పున్నమి నాడు పడే వెన్నెలంత.

పెద్దాయన నవ్వు కిందింటిదాకా వినిపించి ఉంటుంది.

మామ: అంటే రెండు కిలోమీటర్ల అవతల వెన్నెల పడేతందుకు ఇరవై రెండు వేలు పెట్టినవన్నట్టు. పున్నమి దాంక ఆగితే ఉత్తగనే పడుతుండె గదరా!

అల్లుడు: పున్నమి ఆ చివరనే మామా. ఇటు సగానికొస్తే నాలుగింతలు. నూరు మీటర్లల నూటనలభై లక్స్‌ పైన, అంటే ఇంట్ల ట్యూబులైటు కింద కూసున్నట్టు.

మామ: సరే. ఆ చివర వెన్నెల్ల నిలబడ్డది మనిషా, మొద్దా? నీ కండ్లకు ఎరుకైతదా?

అల్లుడు: దుర్బిన్ పెట్టుకుంటే ఎరుకైతది.

మామ: దుర్బిన్‌కు మల్ల ఎంత?

అల్లుడు దానికి జవాబు చెప్పలేదు. అది కూడా అంతకుముందు నెల పార్సిల్లో వచ్చిందని నాకు తెలుసు. ఊరుకున్నాను.

మామ: ఇంకోటి. దీన్ల లేజర్ ఉందంటవ్. లేజర్ కంట్ల పడితే గుడ్డే. గసొంటిది ఇంట్ల పెట్టుకుంటరా ఎవరన్న?

అల్లుడు: లేజర్ లోపల్నే ఉంటది, బయటికి రాదు. నీలం లేజర్‌ను తీసుకుపోయి ఒక చిన్న బిళ్ల మీద కొడతరు. ఫాస్ఫర్ అంటరు దాన్ని. యిట్రియం, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన గట్టి ముక్క, అండ్ల చిటికెడు సీరియం. నీలం తగలంగనే అది పసుపుపచ్చగ మండుతది. మిగిలిన నీలం, ఈ పసుపు కలిస్తే మన కంటికి తెలుపు. బయటికి వచ్చేది ఈ తెలుపే. ఫాస్ఫర్ తాకినంక అది లేజర్ లెక్క ఒక్క దిక్కు పోదు, అన్ని దిక్కులకు చెదురుతది. దాన్ని అద్దం పట్టి కడుతది.

మామ: ఆ బిళ్ల పలిగితే?

అల్లుడు: పలిగితే మాత్రం నీలం లేజర్ సీదా బయటికొస్తది. అందుకే కింద పడ్డదాన్ని మల్ల ఎలిగియ్యద్దు, ఇప్పి చూడద్దు. పలగకున్నా, దగ్గరికెల్లి ఎవరి కండ్లల్ల కొట్టద్దు.

మామ: కాయిదం మీద రాసి దానికే అతికియ్యి. మీ అత్త గోడ మీది బల్లిని చూసేతందుకు తీస్తది దీన్ని.

అల్లుడు: మన ఇంట్ల ఎల్‌ఈడీ బుగ్గల కనిపించే పచ్చటి పూత కూడ ఈ జాతిదే మామా. నీలం ఎల్‌ఈడీ తయారుచేసినందుకు 2014ల ముగ్గురికి నోబెల్ వచ్చింది. అకసాకి, అమానో, నకమురా. అండ్ల నకమురా 1996 నాటికే నీలం లేజర్ కూడ వెలిగిచ్చి చూపిండు. మన బాలాపూర్‌ల ఏఆర్‌సీఐ అని ల్యాబ్ ఉంది, అక్కడ అద్దం లెక్క వెలుగు దాటే సిరామిక్‌ల మీద పని చేస్తరు.

మామ: బాలాపూర్‌ల లడ్డు వేలంపాట ఒక్కటే అనుకున్న. ఇదొకటా?

అల్లుడు: లడ్డు కంటె పాతదేం కాదులే.

మామ: ఎల్‌ఈడీల అదే నీలం, అదే మందు. మరి ఎల్‌ఈడీ ఉండంగ లేజర్ ఎందుకు? వంకాయ కోసేతందుకు కత్తిపీట ఉండంగ గొడ్డలి తెచ్చినట్టు.

అల్లుడు: చుక్క కోసం మామా. ఎల్‌ఈడీల వెలుగు పుట్టే జాగ రెండు మిల్లీమీటర్లనుకో. లేజర్‌ను గుండుసూది మొనకు దించొచ్చు, అర మిల్లీమీటర్ల వెలుగు పుట్టియ్యొచ్చు. రెండిటి ముంగట ఒకటే అద్దం, ముప్పై మిల్లీమీటర్ల ఫోకస్‌ది పెట్టినమనుకో. అర మిల్లీమీటరు చుక్క కిలోమీటరు పోయినంక పదహారు, పదిహేడు మీటర్ల వెడల్పు పడ్తది. రెండు మిల్లీమీటర్లది అరవై ఆరు మీటర్లు పడ్తది. అంటే పదహారు రెట్ల జాగల అదే వెలుగును పలచగ పరిచినట్టు.

ఇక్కడ పెద్దాయన మాట ఆగింది. ఈ లెక్క ఆయనకు కొత్త కాదు. గొట్టాన్ని అల్లుడి చేతిలోంచి తీసుకుని, ఆర్పి, అద్దాన్ని తన వైపు తిప్పుకుని, ఫోన్ లైటు దానిమీద పట్టుకుని చూశాడు. అద్దం నిండా పసుపే కనిపించింది, గిన్నెలో కలిపిన పసుపుముద్దలాగా. కొంచెం పక్కకు ఒరిగి చూస్తే ముద్ద జారిపోయి అడుగున ఆవగింజంత బిళ్ల.

మామ: గింతేనా?

అల్లుడు: అండ్ల కూడ నడిమి చుక్క ఒక్కటే వెలుగుతది.

మామ: అరే, ఇది మా కార్బన్ గుంత గదరా!

తర్వాత ఆయన చెప్పింది అల్లుడి బ్యాటరీకి అనుకూలమో ప్రతికూలమో నాకు ఇప్పటికీ తేలలేదు. దీపపు పెట్టెలో రాగి పూత ఉన్న రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా. రెండింటినీ ముట్టించి, వేలు సందంత దూరం జరిపితే నడుమ మంట నిలుస్తుంది. అసలు వెలుగు మంటది కాదు. పాజిటివ్ కడ్డీ మొన కాలికాలి గుంత పడుతుంది, తెరను వెలిగించేది ఆ గుంత. గోటిలో సగం ఉండదు. వెనక ఉన్న పుటాకారపు అద్దం దాన్ని పట్టి ఫిల్ము గేటు మీదకు దించుతుంది. గుంత పెద్దదైతే గేటు చుట్టూ ఇనుముకే వెలుగు, తెరకు కాదు. కడ్డీ కరుగుతూ ఉంటుంది, జరుపుతూ ఉండాలి. జరపడం మరిస్తే తెర మసకబారుతుంది, కింద ఈలలు మొదలవుతాయి. ఈ ముప్పై ఏళ్లలో అద్దం దాటి హీరో ముఖం చూసినదానికంటే ముదురు రంగు గాజులోంచి ఆ గుంతను చూసిందే ఎక్కువ అన్నాడాయన.

మామ: ఇండ్ల కొత్తేముంది మరి? చుక్క చిన్నగుండాలె, తెల్లగ మండాలె, అద్దం మంచిగుండాలె. మేము ఎన్నో ఏండ్ల కిందనే చేసిన పని.

అల్లుడు: పని అదే. కాని నీ గుంతకు రెక్టిఫైయర్ కావాలె, పొగ గొట్టం కావాలె, పక్కన నువ్వు కావాలె. దీనికి ఒక్క సెల్లు చాలు.

మామ: నేను కావాలె... మంచిగన్నవ్.

అల్లుడు: గట్ల కాదు మామా...

మామ: ఉన్న మాటనే గద. మా హాల్ల కార్బన్ పోయి జెనాన్ వచ్చినప్పుడే సగం పని పోయింది. ఇప్పుడు లేజరంట, గదిల మనిషే ఉండడంట.

అల్లుడు: ఆ ప్రొజెక్టర్లల్ల చానావాటిల గిదే ఉంటది. నీలం లేజర్, పచ్చ ఫాస్ఫర్. కాకపోతే ఫాస్ఫర్‌ను చక్రానికి పూసి గిరగిర తిప్పుతరు, ఒక్కకాడనే కాలకుండ.

మామ: ఆఁ? చక్రం తిప్పుతరా? మరి నీ గొట్టంల తిరుగుతదా?

అల్లుడు: లేదు.

మామ: అంటే ఒక్కకాడనే కాలుతది!

ముప్పై ఏళ్లు నిప్పు పక్కన కూర్చున్నవాడికి వేడి ఎక్కడ చేరుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఫాస్ఫర్ వేడెక్కేకొద్దీ వెలుగివ్వడం తగ్గుతుంది. అందుకే ఈ రకం చేతి దీపాల్లో లేజర్‌ను ఒక హద్దు దాటనివ్వరు. అల్లుడు అబద్ధమాడే మనిషి కాదు. తన గొట్టం మొత్తం వెలుగు ఐదు వందల ల్యూమెన్లేనని, రెండు వేలు పెడితే వచ్చే ఎల్‌ఈడీ లైటు దానికి రెండింతలు ఇస్తుందని తానే చెప్పేశాడు. అంతటితో ఆగినా బాగుండేది. 2014లో బీఎమ్‌డబ్ల్యూ ఐ8కు, ఆడీ ఆర్8 ఎల్‌ఎమ్‌ఎక్స్‌కు ఈ పద్ధతిలోనే హెడ్‌లైట్లు పెట్టారని, బీఎమ్‌డబ్ల్యూది ఆరు వందల మీటర్లు పడేదని గొప్పగా మొదలుపెట్టాడు.

మామ: ఇప్పుడు కూడ పెడుతున్నరా?

అల్లుడు: ...బీఎమ్‌డబ్ల్యూ వోళ్లు బంద్ చేస్తున్నరు. ఎల్‌ఈడీలే ముక్కలు ముక్కలుగ వెలిగిచ్చి ఆర్పేటివి వచ్చినయ్ గద, అవి చాలంటున్నరు.

మామ: కోటి రూపాయల కార్లోడు వద్దన్నది నా అల్లునికి ముద్దొచ్చింది.

అల్లుడు: కారుకు రోడ్డుంటది మామా, రోడ్డుకు హద్దుంటది. ఎదురుంగ ఇంకో కారొస్తది. నా లెక్క వేరే. 2020 అక్టోబరు 13 రాత్రి యాది చేస్కో. సరూర్‌నగర్ చెరువు నీళ్లు కోదండరాం నగర్ ఇండ్లల్లకు వచ్చినయ్. మొన్న 2025 సెప్టెంబరు 26 రాత్రి మూసీ ఎంజీబీఎస్ల జొచ్చింది, బస్సులకొచ్చినోళ్లు బస్టాండ్ల చిక్కిన్రు. కరెంటు లేని రాత్రి, నీళ్ల అవతల ఎవరున్నరో ఎట్ల చూస్తవ్?

మామ: మూసీ ఈ ఒడ్డుకెల్లి ఆ ఒడ్డుకు రెండు కిలోమీటర్లుందా?

అల్లుడు: రెండొందల మీటర్లే అనుకో. నీ మూడొందల లైటు వానల ఎంత దూరం పోతది? వెడల్పు వెలుగైతే ముంగటి చినుకులే మెరుస్తయ్, కండ్ల ముంగట తెల్ల పరదా కట్టినట్టుంటది. వానల బండి నడిపినోనికెవనికైనా ఎరుకే. సన్న వెలుగైతే పక్కకెల్లి చూడొచ్చు, చినుకులు గీత మీదనే మెరుస్తయ్, చివర మనిషి కనిపిస్తడు.

మామ: అఫ్జల్‌గంజ్ దవాఖాన కాడ చింతచెట్టు ఇప్పటికీ ఉంది. 1908 సెప్టెంబరు 28 నాడు మూసీ వచ్చినప్పుడు దాని మీదికెక్కి నూటయాభై మంది దాంక బతికిన్రు. వాళ్లు కనిపించక ఆగమైన్రా? కనిపిస్తే ఏం చేస్తవ్, ఈ గీత పట్టుకొని నడిచి వస్తరా? కావాల్సింది పడవ.

అల్లుడు: పడవోనికి ఎటు పోవాలో ఎవరు చెప్పాలె? చీకట్ల చెట్టు ఎక్కడుందో వాడు దేవులాడుకోవాల్నా? ఒడ్డు మీదికెల్లి ఒకడు ఈ గీత పట్టుకొని నిలబడితే, గీత చివర్లనే చెట్టు.

ఈ మాటకు పెద్దాయన ఏమీ అనలేదు. నా మటుకు నాకు అక్కడ అల్లుడే గెలిచాడు. కాకపోతే పెద్దాయన ఓటమిని అక్కడే వదిలి పక్కకు నడిచే మనిషి.

మామ: పడవోని సంగతి సరే. నీళ్లు ఇంట్ల జొచ్చినోని సంగతి చెప్పు. వానికి ముందుగాల బీపీ గోలీలు కనిపించాలె, పిల్లల సర్టిఫికెట్లు కనిపించాలె, బియ్యం డబ్బా కనిపించాలె. కందీలు ఉంటే గది మొత్తం కనిపిస్తుండె. నీ గొట్టం ఇంట్ల పడితే ఏం కనిపిస్తది? గోడ మీద అరచెయ్యంత తెల్ల మచ్చ. దాన్ని చూసినంక కండ్లు చీకట్లు కమ్ముతయ్.

అల్లుడు: ఇంట్లకు ఇది కాదు మామా. ఇంట్లకు వేరేది ఉంది నా కాడ.

మామ: ఉండే ఉంటది.

అంతలో శంషాబాద్ వైపు దిగే విమానం ఒకటి మబ్బు కిందికి వచ్చింది. అల్లుడి చెయ్యి గొట్టంతో సహా పైకి లేచింది, గొప్పకు కాదు, చేతికి అలవాటు. పెద్దాయన ఆ మణికట్టును పట్టుకున్న తీరు చూస్తే కరెంటు తీగ ముట్టుకోబోయే పిల్లవాణ్ణి ఆపినట్టుంది.

మామ: పైకెత్తకు. అండ్ల కూసున్నోని కండ్లల్ల పడితే? దిగే విమానం అది.

అల్లుడు: ఇది లేజర్ గీత కాదు మామా...

మామ: నీకెరుక, నాకెరుక, వానికెరుకనా? విమానం మీద లైటు కొట్టుడు నేరం. ఆ దక్షిణం దిక్కు కూడ తిప్పకు, కంచన్‌బాగ్‌ల మొత్తం డీఆర్‌డీవో ల్యాబులే. ఎవడో మా గోడ మీద లేజర్ కొడుతుండని వచ్చి, నీతోని పాటు నన్ను కూడ తీసుకపోతరు.

అల్లుడు: వాళ్ల లేజర్ ముంగట ఇదెంత! 2025 ఏప్రిల్ 13న కర్నూలు కాడ డీఆర్‌డీవో వోళ్లు ముప్పై కిలోవాట్ల లేజర్‌తోని డ్రోన్‌ను కాల్చి పడేసిన్రు. అది తయారైంది కూడ మన హైదరాబాద్ ల్యాబ్‌లనే, చెస్ అంటరు.

మామ: అందుకే చెప్తున్న, వాళ్ల దిక్కు కొట్టకు.

విమానం వెళ్లిపోయింది. కాసేపు ముగ్గురమూ ఏమీ మాట్లాడలేదు. కింద ఎవరో ఇన్వర్టర్ బీప్ ఆపడానికి తంటాలు పడుతున్నారు. అల్లుడు గొట్టాన్ని మళ్లీ వెలిగించి ఈసారి నేలకు సమానంగా తిప్పాడు. అప్పుడు తెలిసింది అసలు కథ. ఎటు తిప్పినా యాభై అడుగుల్లో గోడ. ఐదంతస్తుల అపార్టుమెంటు, దాని వెనక ఇంకొకటి, దాని మీద నీళ్ల ట్యాంకు, ట్యాంకు మీద సెల్ టవర్. ఎదురింటి మూడో అంతస్తు బాల్కనీలో ఆరేసిన చీర మీద వెలుగు పడగానే లోపలినుంచి ఎవరో ఉర్దూలో గట్టిగా అరిచారు. అల్లుడు చప్పున ఆర్పాడు.

మామ: రెండు కిలోమీటర్ల లైటు కొన్నవ్. సైదాబాద్‌ల రెండు వందల గజాల ఖాళీ ఎక్కడుందిరా?

ఈ ప్రశ్నకు అల్లుడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. దూరాన్ని కొనుక్కోవచ్చు గానీ దాన్ని పరచడానికి చోటు కొనడం ఈ పేటలో ఎవరివల్ల అవుతుంది? టీవీ టవర్ ఒక్కటే ఇంకా తల పైకి పెట్టుకుని ఉంది.

మామ: నా చిన్నప్పుడు మా పాత ఇంటి మిద్దె మీదికెల్లి చూస్తే మూసారాంబాగ్ గుట్ట కనిపిస్తుండె. గుట్ట మీద ఫ్రాన్స్ దొర సమాధి. రేమండ్. నిజాం అలీఖాన్ ఫౌజుల పెద్ద జర్నేలు, 1798ల పోయిండు. మనోళ్ల నోళ్లల్ల పడి ఆయన మూసారాం అయిండు, పేట మూసారాంబాగ్ అయింది. ఆ రాతి స్తంభం సాయంత్రం ఎండకు మెరుస్తుండె. దానికి బ్యాటరీ అక్కర్లేకుండె.

అల్లుడు: ఏ దిక్కుండె?

మామ: అగో, ఆ టవర్‌కు కుడి దిక్కు. ఇప్పుడేం కనిపిస్తది, అంత బిల్డింగులే.

అల్లుడు: సందు లేదా ఎక్కడన్న?

పెద్దాయన టెర్రస్ మూలకు నడిచాడు. పిట్టగోడ మీద తడి తుడిచి, మోచేతులు ఆనించి, ఒక కన్ను మూసి చూశాడు. గేటులో ఫిల్ము సరిగ్గా కూర్చుందా లేదా అని చూసేవాడి చూపు. తర్వాత అల్లుణ్ణి భుజం పట్టుకుని తన చోట నిలబెట్టాడు.

మామ: ఇట్ల జరుగు. ఇంకొంచెం. ఆ రెండు బిల్డింగుల నడుమ సందుంది, కనిపిస్తుందా? చెయ్యంత. దాంట్లకెల్లి కొట్టు. కదిలియ్యకు, ఊపిరి బిగబట్టు.

అల్లుడు: పడ్డదా?

మామ: పడ్డది. అగో, తెల్లగ ఏదో ఉంది. నిలువుగ. స్తంభమేరా!

అల్లుడు దుర్బిన్ తేవడానికి కిందికి పరుగెత్తి, మెట్ల మీద చీకట్లో రెండు మూడు చోట్ల తగిలించుకుని వచ్చాడు. లైటు మామ చేతిలోనే ఉంది. దుర్బిన్ కంటికి పెట్టుకుని చాలాసేపు చూశాడు.

అల్లుడు: మామా, నిచ్చెన కనిపిస్తుంది.

మామ: స్తంభానికి నిచ్చెనేందిరా?

అల్లుడు: ఎవరిదో నీళ్ల ట్యాంకు.

మామ: సరింగ చూడు. దాని వెనక ఉంటది.